అత్తగారి చెయ్యి, జిరాఫీ మెడ

అరుణకుమారి టీచరుకు లోకంలో రెండింటితో అస్సలు పడేది కాదు. ఒకటి జిరాఫీ మెడ, రెండోది అత్తగారి చెయ్యి. రెండూ ఆవిడ మాట వినేవి కావు.

ముందు జిరాఫీ సంగతి. హిందీ మాట్లాడే ఒక ఉక్కు ప్లాంటు ఊళ్లో, సెక్టర్ 4లోని ఒక బడిలో ఆవిడ పదో తరగతికి జీవశాస్త్రం చెప్పేది. హిందీ పుస్తకంలో ప్రాకృతిక్ చయన్ అని ఉండే పాఠం, మన ప్రకృతి వరణం, ప్రతి ఏడూ చెప్పేది. జిరాఫీ మెడ సాగదీయలేదురా నాయనా, పొడుగు మెడతో పుట్టిన వాటికి ఆకులందాయి, అవి బతికి పిల్లల్ని కన్నాయి, పొట్టి మెడవి కడుపు మాడి పోయాయి, అంతే, అని నెత్తీ నోరూ బాదుకునేది. పిల్లలు బుద్ధిగా తలలూపేవాళ్లు. పరీక్షలో మాత్రం ప్రతివాడూ రాసేది ఒకటే. జిరాఫీకి పైకొమ్మ ఆకులు కావలసి వచ్చాయి, అది చాలా కష్టపడింది, మెడ పొడుగైంది. ఎర్ర పెన్నుతో కొట్టేసి కొట్టేసి ఆవిడ చెయ్యి నొప్పి పుట్టేది.

పాపం వాళ్లనీ అనడానికి లేదు. ఆ ఊళ్లో ఏ క్వార్టరు తలుపు తట్టినా తండ్రి కొడుక్కి చెప్పే మాట ఒకటే, కష్టపడరా, కష్టపడితే అందనిదేదీ లేదు అని. ఆ తండ్రులు ఎక్కడో బొబ్బిలి నుంచో పలాస నుంచో వచ్చి, సైకిలు తొక్కుకుంటూ ప్లాంటు షిఫ్టులకు వెళ్లి, నిజంగానే కష్టపడి పైకొచ్చినవాళ్లు. ఇంట్లో నాన్న కష్టపడగా లేనిది జిరాఫీకి ఏం రోగమని పిల్లలు అనుకునేవాళ్లు కాబోలు.

ఇక అత్తగారి చెయ్యి. సింహాచలమ్మది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. భర్త పోయాక కొడుకు నూకరాజు దగ్గరకు, సెక్టర్ 6 క్వార్టరుకు వచ్చేసింది. మనిషి బంగారం, చెయ్యి మాత్రం కొలత ఎరగనిది. ఉప్పూ కారం పిడికిలితోనే పడేవి. పిడికిలి పెద్దదా చిన్నదా అన్నది ఆ పూట ఆవిడ ధ్యాస ఎక్కడుందన్నదాన్ని బట్టి ఉండేది. మాఘమాసం ఎండలు ముదరగానే డాబా మీద ఇటుకరంగు నేతచీర పరిచి, బియ్యప్పిండి ఉడకేసి వడియాలు పెట్టేది. సగం జీలకర్ర వేసినవి, తెల్లవి. సగం ఎండుమిరపకారం వేసినవి, ఎర్రవి. కారం కలిపేది ఎలా అంటే, పిండి మీద రెండు గుప్పెళ్లు చల్లి, నాలుగు తిప్పులు తిప్పి, పక్కింటావిడతో మాట్లాడుతూ చేత్తో పెట్టుకుంటూ పోయేది. ఒకటి చప్పగా ఉండేది, పక్కది నోట్లో వేసుకుంటే చెవుల్లోంచి పొగలు వచ్చేవి. ఒకటి రూపాయి బిళ్లంత, ఇంకోటి అప్పడమంత.

ప్రయోగశాలలో బొట్టు బొట్టూ కొలిచి పోసే అరుణకుమారికి ఇది చూస్తే ఒళ్లు మండేది. "చెంచాతో పెట్టండత్తా. కారం కూడా కొలిచి వేసి బాగా కలపండి. అన్నీ ఒకలా వస్తాయి," అనేది ప్రతి ఏడూ.

"ఒకలా రావడానికి అవేటి, మావోడు మిల్లులో సేసే రైలు పట్టాలా?" అనేది సింహాచలమ్మ. చెంచా మాత్రం ముట్టుకునేది కాదు.

ఆ తొంభై ఆరో సంవత్సరం ఫిబ్రవరిలో అరుణకుమారి పీకల మీదకు ఒక పరీక్ష వచ్చింది. ఆవిడది టెంపరరీ ఉద్యోగం. ఏప్రిల్ రాగానే ఊడిపోయేది, జులైలో మళ్లీ పిలిచేవారు. పిలుస్తారో పిలవరో అని వేసవంతా గుండెలు చిక్కబట్టుకుని కూర్చునేది. ఎన్నో ఏళ్లుగా ఇదే వరస. ఆ ఫిబ్రవరిలో ప్రిన్సిపాలు ఆవిడను పిలిచి, పై ఆఫీసు నుంచి అధికారి వస్తున్నాడనీ, ఆవిడ పాఠం కూర్చుని వింటాడనీ, నచ్చితే పర్మినెంటు చేస్తారనీ, నచ్చకపోతే ఇక జులైలో కబురు రాదనీ చెప్పాడు. పాఠం మాత్రం ముందే రాసి ఇచ్చిన పథకం ప్రకారం జరగాలి. పథకం తప్పితే ఆ అధికారికి ఎక్కడలేని కోపమట.

ఆ సాయంత్రం విషయం విన్న నూకరాజు పెళ్లానికి మంచి సలహాయే ఇచ్చాడు. "మందారపువ్వు కోసి చూపించీయే. రేకులివీ, పుప్పొడిదీ అని సెప్పీసి వచ్చీ. ఎందుకొచ్చిన గొడవ?"

"పువ్వు ఎవరైనా చెబుతారు. ఇన్నేళ్లలో ఒక్కడి బుర్రకీ ఎక్కని పాఠం ఆయన ముందు ఎక్కించాలి. అప్పుడు కదా నేను టీచర్ని," అంది అరుణకుమారి.

"ఎక్కకపోతే?"

ఎక్కకపోతే ఏమవుతుందో ఆవిడకూ తెలుసు. లోపల గుబులుగానే ఉంది. కానీ పంతం పట్టిందంటే ఆవిడా అత్తగారికి తీసిపోయే మనిషి కాదు.

ఉపాయం డాబా మీద దొరికింది. ఆరేసిన బట్టలు తీద్దామని వెళ్లేసరికి ఒక కాకి వడియాల చీర మీద వాలి ఉంది. తెల్ల వడియాలు ఇటుకరంగు మీద తళతళలాడుతున్నాయి. ఎర్రవి చీరలో కలిసిపోయాయి. కాకి తెల్లది ఎత్తుకుపోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ తెల్లదే ఎత్తుకుపోయింది. అరుణకుమారి బట్టల సంగతి మరిచిపోయి, కాకిని తోలడం మరిచిపోయి, ఆనందంతో అక్కడే నిలబడిపోయింది.

కిందకు దిగి అత్తగారిని అడిగింది. "అత్తా, నాకు తెల్ల వడియాలు కొన్ని, ఎర్రవి కొన్ని కావాలి. ఆ చీర కూడా. బడికి తీసుకెళ్తాను."

"ఏయించి ఇమ్మంటావా?"

"వద్దు. చీర మీద చల్లి పిల్లల చేత ఏరిస్తాను. వాళ్లు కాకులన్నమాట. ఏరాక ఏ రంగువి ఎన్ని మిగిలాయో చూస్తాం. తెల్లవి అయిపోతాయి, ఎర్రవి మిగులుతాయి. మిగిలినవి పిల్లల్ని కన్నట్టు లెక్కవేసి ఇంకొన్ని ఎర్రవి కలిపి, మళ్లీ ఏరిస్తాను."

"మీ బళ్లో మరే పనీ నేదేటి?" అంది సింహాచలమ్మ. "సరే, నీ ఉద్యోగం మాటంటన్నావు కాబట్టి ఇస్తాను. కాని నా వొడియాలు ఎక్కడికెల్తే నానూ అక్కడికే. మట్టిలో పడీకుండా సూసుకోవాల."

అధికారి వచ్చిన రోజు నాలుగో పీరియడు అరుణకుమారిది, టిఫిను గంటకు ముందుది. వరండాలో ఇటుకరంగు చీర పరిచారు. పక్కనే కుర్చీ వేయించుకుని సింహాచలమ్మ కాపలా కూర్చుంది. వడియాలకు ఒక్క ఎండే తగిలింది, పైన పెళుసు, లోపల మెత్తన. వడియాల ఇంట్లో పెరిగిన ఎవరికైనా తెలుసు, పచ్చివి నోట్లో వేసుకోవడానికి అంతకు మించిన అదను లేదు. అరుణకుమారికీ తెలుసు. ఆ రోజు మాత్రం తట్టలేదు. పథకంలో అన్నీ రాసింది గానీ తినకూడదని రాయడం మరిచిపోయింది.

అధికారి పేరు రామమోహనరావు. పేరు చూసి తెలుగువాడేనని అరుణకుమారి ఆశపడింది గానీ, ఆయన వచ్చిన దగ్గర్నుంచీ శుద్ధ హిందీ తప్ప మరో మాట మాట్లాడలేదు. చేతిలో పథకం కాగితం పట్టుకుని, ఒక్కో వాక్యం మీదా పెన్ను ఆనించి కూర్చున్నాడు.

మొదటి విడత అద్భుతంగా జరిగింది. ఈల వేయగానే పిల్లలు కాకుల్లా వచ్చి వాలారు, చేతికి దొరికినవి ఏరి కాగితం కవర్లలో వేసుకుని వెనక్కి పోయారు. చీర మీద తెల్లవి దాదాపు లేవు, ఎర్రవి చాలా ఉన్నాయి. రామమోహనరావు పెన్నుతో ఒక టిక్కు పెట్టాడు. అరుణకుమారి ప్రాణం లేచొచ్చింది. మిగిలినవి పిల్లల్ని కన్నాయని చెప్పి డబ్బాలోంచి ఇంకొన్ని ఎర్రవి చల్లింది.

"మేడమ్, వడియానికి పిల్లలు పుట్టవు కదా," అంది ఛాయ. ఛత్తీస్‌గఢీ పిల్ల, వాళ్లమ్మ బూడిదగుమ్మడికాయతో బడీలు, అంటే వాళ్ల వడియాలు, పెడుతుంది, అందువల్ల ఈ విషయంలో ఆ పిల్లకు మాట్లాడే హక్కుంది.

"పుట్టవు. అందుకే డబ్బా తెచ్చాను," అంది అరుణకుమారి.

ఈ మాటలు జరుగుతున్నంతసేపూ వెనక వరసలో కవర్లు గలగలమంటున్నాయి. తెల్ల వడియాల రుచి చూసేశారు. టిఫిను గంట దగ్గర పడింది, కడుపులు నకనకలాడుతున్నాయి, ఇక రంగెవడికి కావాలి? రెండో ఈల వేసేసరికి కాకులన్నీ కలిసి చీర మీద పడ్డాయి. కవర్లు ఎక్కడివక్కడ ఎగిరిపోయాయి. అందినది అందినట్టు నోట్లోకి పోయింది. అంతలోనే నాలుగు మూలల నుంచీ కేకలు. సగం మంది నాలుకలు బయటపెట్టి కుళాయి వైపు పరుగు తీశారు. కొరికినది కొరికినట్టే చీర మీద పడేసినవాళ్లు కొందరు. మనోజ్‌కుమార్ ఒక్కడే చీర మధ్య బాసింపట్టు వేసుకుని, కళ్ల వెంట నీళ్లు కారుతుండగా ఎర్రవి ఒక్కొక్కటే నములుతున్నాడు. వాడిది శ్రీకాకుళం ఇల్లు.

"ఏక్‌దమ్ మా నాన్నమ్మ పెట్టినట్టే ఉన్నాయి మేడమ్," అన్నాడు. వాడు కూడా ఊరికే తినడం లేదు. లేత ఎరుపువి ఏరుకుంటూ, కారం ముద్ద కట్టి నల్లగా కనిపించేవాటిని పక్కకు తోసేస్తున్నాడు.

సింహాచలమ్మ కుర్చీలోంచి లేచి మనోజ్‌కుమార్ తల నిమిరింది. అరుణకుమారి మాత్రం వంగి చీర మీదవి లెక్కపెట్టింది. పథకం ప్రకారం ఈపాటికి ఎర్రవి చీరంతా నిండి ఉండాలి. చీర మీద మిగిలినవి పట్టుమని పది, అన్నీ నల్లటి మచ్చలవే. రామమోహనరావు పెన్ను టిక్కు పెట్టకుండా గాలిలో ఆగిపోయింది. జులై కబురు ఇక రాదని ఆవిడకు ఆ క్షణంలో అర్థమైపోయింది.

రామమోహనరావు పథకంలో ఉన్న ప్రశ్న ఉన్నట్టుగా అడిగాడు. "ఇవెందుకు మిగిలాయి?"

చీర రంగులో కలిసిపోయాయి కాబట్టి, అన్నది పథకంలో రాసిన జవాబు. ఛాయ లేచి, "కారం సార్," అంది.

ఆయన నమ్మలేదు. వంగి ఒక వడియం తీసుకుని, అన్నిటికన్నా నల్లదాన్నే తీసుకుని, కొరికాడు. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత మొహం చీర రంగుకొచ్చింది. పొద్దుట్నుంచీ దాచుకున్న తెలుగు ఒక్కసారిగా బయటపడింది. "ఓలమ్మో, నీళ్లు, నీళ్లట్రండి."

సింహాచలమ్మ మరచెంబు అందిస్తూ, "ఏవూరు బావూ మనది?" అని అడిగింది.

"పలాస," అన్నాడాయన ఎక్కిళ్ల మధ్య. "నాన్నగారు రైల్వేలో." వెంటనే తేరుకుని మళ్లీ హిందీలోకి వెళ్లిపోయాడు. పిల్లలు నవ్వు ఆపుకోలేక చస్తున్నారు. పోయిన పరువు కూడదీసుకోవాలనేమో, ఆయన లేచి నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"చూశారా పిల్లలూ, ఈ వడియం బతకాలని పట్టుబట్టింది. కష్టపడి కారం పెంచుకుంది. జిరాఫీ కూడా అంతే. ఆకుల కోసం కష్టపడింది, మెడ పెంచుకుంది. మీరూ అలాగే కష్టపడాలి."

పిల్లలు నవ్వాపి ఈ ముక్క బుద్ధిగా రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ పెన్నుల వైపు అరుణకుమారి ఒక అడుగు వేసి ఆగిపోయింది. ఊరుకుంటే ఉద్యోగం ఏ మూలో ఇంకా మిగిలి ఉండొచ్చు. పెద్దమనిషి మాట పిల్లల ముందు కొట్టేస్తే అదీ పోతుంది. ఊరుకుందామనే అనుకుంది, పళ్లు బిగబట్టింది కూడా.

ఈలోగా సింహాచలమ్మ అందుకుంది. "కష్టపడ్డాదేటి బావూ? కారం నాను ఏసినాను." తన వడియం గొప్పను వడియమే కొట్టేయడం ఆవిడకు నచ్చలేదు.

మనోజ్‌కుమార్ అది హిందీలోకి మార్చి అందరికీ వినిపించాడు. రామమోహనరావు మొహం వెలిగిపోయింది. "అదీ మాట. ప్రతిదానికీ చేసేవాళ్లంటూ ఒకరుంటారు. ఏది మిగలాలో వాళ్లు తలుచుకుని చేస్తారు. రాసుకోండి."

ఒక తప్పు మీద ఇంకో తప్పు. అరుణకుమారి ఇక ఆగలేకపోయింది. ఉద్యోగం ఊడితే ఊడనీ అనుకుని చీర మధ్యకు నడిచింది.

"రాయకండి. పెన్నులు కింద పెట్టండి," అంది పిల్లలతో. తర్వాత అధికారి వైపు తిరిగింది. "క్షమించండి సార్. వడియం ఏమీ కష్టపడలేదు. మా అత్తగారు తలుచుకునీ వేయలేదు. ఆవిడ చేతికి కొలత లేదు. కారం చల్లి నాలుగు తిప్పులు తిప్పుతుంది, అంతే. ఒకే గిన్నె, ఒకే చెయ్యి, ఏ రెండూ ఒకలా రావు. ఇన్నేళ్లుగా ఈ విషయం మీద నేను ఆవిడతో పోట్లాడుతున్నాను."

సింహాచలమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"ఆ తేడాలు లేకపోతే ఈ పాఠమే లేదు," అంది అరుణకుమారి. చేత్తో నల్ల వడియం ఒకటి ఎత్తి పట్టుకుంది. "మొదటి విడతలో మీరు కళ్లతో ఏరారు, అప్పుడు ఎర్ర రంగు వీటిని కాపాడింది. రెండోసారి నోళ్లతో ఏరారు, ఇప్పుడు కారం కాపాడింది. ఇవి కాపాడుకోవాలని అనుకోలేదు. మీరూ కాపాడాలని అనుకోలేదు, మీకు ఆకలేసింది అంతే. మీరంతా మనోజ్ లాంటివాళ్లైతే ఇంకెన్నో పోయేవి. నిజం కాకులైతే వాటికి కారం మండదు, అప్పుడు లెక్క ఇంకోలా తేలేది. జిరాఫీ మెడ కూడా ఇంతే. పొట్టివీ పొడుగువీ పుట్టాయి. ఏది మిగలాలో చెట్టుకూ తెలీదు, జిరాఫీకీ తెలీదు."

వెనక నుంచి ఛాయ నెమ్మదిగా అంది. "అంటే జిరాఫీ కష్టపడలేదా మేడమ్?"

"పడలేదమ్మా."

"పొడుగుగా పుట్టినవాటికి తిండి దొరికింది, అంతేనా?"

"అంతే. ఆ పొడుగు వాటి పిల్లలకూ వచ్చింది."

ఛాయ ఇందాక రాసుకున్నది కొట్టేసింది. పక్కవాడూ కొట్టేశాడు. వరసగా అందరూ కొట్టేస్తుంటే ఆ గీతల చప్పుడు అరుణకుమారికి సన్నాయిలా వినిపించింది. గంట మోగింది. రామమోహనరావు పథకం మడిచి జేబులో పెట్టుకుని, ఇంకో చెంబుడు నీళ్లు తాగి, మాటా పలుకూ లేకుండా వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లేదారిలో సింహాచలమ్మ రిక్షాలో ముడుచుకుని కూర్చుంది. అరుణకుమారి తన దిగులులో తనుంది.

"అంతమందిలో నా సెయ్యి మాటెత్తినావు," అంది సింహాచలమ్మ సెక్టర్ 6 మలుపులో.

"మెచ్చుకున్నానత్తా."

"కొలత నేదనడం మెచ్చుకోలేటి?"

ఏప్రిల్ వచ్చింది, ఉద్యోగం మామూలుగానే ఊడింది. కబురు లేదు. అరుణకుమారి వంట చేస్తూ గిన్నెలు విసిరేది, నూకరాజు షిఫ్టు నుంచి వచ్చి పిల్లిలా తిరిగేవాడు. సింహాచలమ్మ మాత్రం తన పంతంలో తనుంది. మే నెలలో ఒక పొద్దున కోడలి దగ్గరకొచ్చి చెయ్యి చాచింది. "నీ సెంచా ఇలగియ్యి. ఎలగ ఒకలా రావో సూస్తాను."

మొత్తం ఎర్రవే పెట్టింది. కారం కొలిచి వేసింది, చెయ్యి నొప్పెట్టేదాకా కలిపింది, ఎవరి నోటికీ మంట రాకుండా మితంగా వేసింది. ఒక్కో చెంచా కొలిచి వరసలు తీర్చి పెట్టింది. మధ్యాహ్నానికి బ్లాకులోని ఆడవాళ్లందరినీ పిలిచి చూపించింది. నిజానికి చాలా అందంగా వచ్చాయి. రైలు పట్టాలు కూడా అంత తీరుగా రావు. చూపించి, కిందకొచ్చి, తృప్తిగా ఒక కునుకు తీసింది.

సాయంత్రం డాబా మీద నుంచి అత్తగారి కేక వినిపించి అరుణకుమారి పరుగెత్తింది. చీర ఖాళీ. ఒక్కటంటే ఒక్కటి లేదు. పిట్టగోడ మీద రెండు ఉడతలు మూతులు తుడుచుకుంటున్నాయి. మెట్ల మీద సెలవుల పిల్లలు అంతకంటే శుభ్రంగా తుడుచుకుంటున్నారు. ఏటా ఉడతలూ పిల్లలూ ఎంత తిన్నా, కారం ముద్దలున్నవి సగం మిగిలేవి. ఆ ఇంట్లో ఏడాది పొడుగునా తినేది అవే. ఈసారి అన్నీ ఒకేలా రుచిగా ఉన్నాయి, ఒకేలా పోయాయి.

అత్తాకోడళ్లిద్దరూ ఖాళీ చీరకు చెరోవైపు నిలబడి ఉండగా నూకరాజు రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. దారిలో ప్రిన్సిపాలు కనిపించాడట. "అయిపోయిందే. పర్మినెంటు సేసీసినారు. ఆ అధికారేం రాసాడో తెలుసా? పాఠం పథకం ప్రకారం జరగలేదు, పాఠం మాత్రం జరిగింది, అని రాసాడట."

అరుణకుమారి అక్కడే చతికిలబడి ఏడ్చేసింది. ఎన్ని వేసవులుగా దాచుకున్న ఏడుపో అది. సింహాచలమ్మ పక్కన కూర్చుని వీపు నిమురుతూ, "పర్మినెంటంటే ఏటే?" అని అడిగింది.

"ఇక ఏటా తీసెయ్యరత్తా. మార్పుండదు. ప్రతి ఏడూ ఒకలాగే."

సింహాచలమ్మ చెంచా తీసి కోడలి ఒళ్లో పడేసింది. "అయితే జాగ్రత్తగుండు. ఒకలాగున్నవాటి గతేటో ఇప్పుడే సూసినావు," అని, చీర దులిపి భుజాన వేసుకుని, రేపటికి బియ్యం నానబోయడానికి కిందకు దిగింది.